ఎనిమిదిన్నర రీడింగు

తెల్లరంగు వేసిన చెక్కపెట్టె,
నాలుగు కాళ్ళ మీద, తలుపు ఉత్తరానికి.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆ తలుపు తీశాను.
మా ఇంటి పూజగది తలుపు అన్నిసార్లు తీసి ఉండను.

"పాదరసం ఎత్తుకి నీ కన్ను రావాలి.
పొడుగువాడు వంగాలి, పొట్టివాడు పీట ఎక్కాలి,
లేకపోతే ఎవడి డిగ్రీ వాడిది.
ముందు పాయింటు చదువు, తర్వాతే అంకె.
ఆలస్యం చేశావా, నీ ఊపిరి తగిలి
అది నిన్నే కొలుస్తుంది"
అని నేర్పిన గంటి సూరన్న గారు
బీడీ ఆర్పి, చేతులు కడుక్కుని గానీ
పెట్టె దగ్గరికి వచ్చేవారు కాదు.

భోజనాల దగ్గర మొదలెడతాడు
మా బావమరిది సన్యాసినాయుడు.
గాజువాకలో రెడీమిక్స్ వ్యాపారం.
"నీ పెట్టె పాతిన రోజు చుట్టూ ఏముంది బావా?
ఇసక, నాలుగు జీడిమామిడి చెట్లు.
ఇప్పుడో? మూడు పక్కలా అయిదంతస్తులు,
ఏసీల వెనకగాలి అంతా దాని మొహానే.
భూమికి జ్వరమంటావేంటి? గోడల వేడి అది.
నీ డిగ్రీల్లో సగం నా సిమెంటే!"
అని నవ్వి, మజ్జిగ పోయించుకుంటాడు.

తప్పనలేను.
ఆ ఏసీల గాలి నా మెడకీ తగిలింది.
ఒకసారి పెట్టెని పదిహేను గజాలు జరిపాం,
రిజిస్టరులో ఎర్రసిరాతో రాశాను.
పాత గాజు పగిలి కొత్తది వచ్చిన రోజూ రాశాను.
తడిగుడ్డ ఎండిపోయి కనిపించిన మధ్యాహ్నం,
మెమో వస్తుందని తెలిసీ, రాశాను.

రాయనిది ఒకటుంది.

హుద్‌హుద్ దాటిన మర్నాడు.
కైలాసగిరి ఒక్క పూటలో గోధుమరంగుకి తిరిగింది.
మా వీధిలో చెట్ల మీద స్తంభాలు, స్తంభాల మీద చెట్లు.
నడిచి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.
తడిసిన పరుపు మీద కూర్చుని
మొన్నటిదీ అటుమొన్నటిదీ కలిపి
కనిష్ఠం ఒకటి అల్లాను: ఇరవై నాలుగు పాయింట్ రెండు.
గుండు అంకె వేస్తే అనుమానం వస్తుందని
ఆ పాయింటు రెండు.

అది సన్యాసినాయుడికి దొరికిందా,
ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఒక్క గీతతో కొట్టేస్తాడు.

అరుగు మీద గంప దించి
కోనాం ముక్కలు కోస్తూ
వాదం అంతా వింటోంది అర్జిల్లి పోలమ్మ.
"గోడల యేడే అనుకో బాబూ.
మా మావ దరినే వలేసీవోడు.
ఇప్పుడు లైటౌసు కనబడనంత దూరం పోతే గానీ
కవళ్ళు లేవు. సేప సల్లదనం ఎతుక్కుంతాది.
సముద్దరం మీన అపార్టుమెంట్లు ఎవుడు కట్టాడేటి?"

"అది ట్రాలర్ల పని పోలమ్మా, ఊడ్చి పారేస్తున్నాయి."

"అదీ నిజిమే"
అంది. తక్కెడ ముల్లు నిలిచేదాకా ఆగి
తోకముక్క ఒకటి పైన వేసింది.

ఆ రాత్రి కరెంటు పోయింది.
మేడ మీద చాపలు.
లంగరు వేసిన ఓడల దీపాలు కదలడం లేదు,
గాలి లేదని వాటిని చూస్తేనే తెలుస్తోంది.
పిట్టగోడ మీద చెయ్యి పెడితే
రేవు బొగ్గుపొడి, ఇంకా వెచ్చగా.
పగళ్ళ సంగతి అందరూ మాట్లాడతారు.
నా రిజిస్టరులో నన్ను భయపెట్టింది రాత్రులు.
దిగాల్సిన అంకె మెట్ల మధ్యలో కూర్చుండిపోయినట్టు
ఏడాదికేడాది.

పక్కచాప మీద దొర్లి దొర్లి
"బావా, ఇప్పుడు ఎంతుంటుందంటావు?"
అన్నాడు సన్యాసినాయుడు.
చొక్కా ఎప్పుడో విప్పేశాడు.

"చూడకుండా చెప్పను.
ఒక్కసారి చెప్పాను, చాలు."

"ఎప్పుడు?"
మోచేతి మీద లేచాడు.
చీకట్లో వాడి కళ్ళూ నా కళ్ళూ
ఒక్క ఎత్తులో ఉన్నాయి.